రీడింగక్క

కప్పు తళతళలాడుతోంది, అయినా ఆమె దాన్ని ఇంకా తోముతూనే ఉంది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయి చాలాసేపయింది. ముందు గదిలో కుర్చీలు వాళ్ళు వదిలేసినట్టే అడ్డదిడ్డంగా ఉన్నాయి. టీవీలో ఎవరో ఎవరినో దుమ్మెత్తిపోస్తున్నారు. సింకు దగ్గర నిలబడ్డ ఆమెకి ఆ గోలేమీ పట్టడం లేదు. ఇందాక మొగుడు వేసిన జోకూ, దానికి గదంతా నవ్విన నవ్వూ, అవే చెవుల్లో గింగురుమంటున్నాయి.

ఆయన ఆఫీసు మేనేజరు భార్యాసమేతంగా టీకి వచ్చాడు. ఆ మేనేజరు భార్య పాపం మంచి మనిషి. ఈమె ట్రే పట్టుకుని రాగానే, "మీరు మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నారటగా! అమ్మో! అయితే ఇంజన్లవీ నడుపుతారా?" అని కళ్ళింత చేసుకుని అడిగింది. ఈమె నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు.

"ఇంజన్లు మగపిల్లలు నడుపుతారండీ. మా ఆవిడ పక్కన నిలబడి మీటర్లు చూసి రాస్తుంది. నెలనెలా కరెంటు మీటరు చూసి రాసుకుపోయేవాళ్ళు ఉంటారు చూడండి, అలాగన్నమాట!"

అందరూ నవ్వారు. మేనేజరు బిస్కెట్టు పొలమారేదాకా నవ్వాడు. మోకాళ్ళకి తైలం రాసుకుంటున్న అత్తగారు లోపలి గదిలోంచి నవ్వింది. చెప్పొద్దూ, ఈమె కూడా నవ్వింది. ఇంటికొచ్చినవాళ్ళ ముందు మొహం మాడ్చుకుంటే అదింకో రామాయణం.

ఆయన చెడ్డవాడేం కాదు. కాలేజీలో చేరతానంటే అడ్డుపడలేదు. "చదువుకో, ఎవరొద్దన్నారు? ఇల్లు మాత్రం ఇల్లులా ఉండాలి, అంతే" అన్నాడు. ఆ 'అంతే'లో ఎంతుందో చేరాక గానీ తెలిసిరాలేదు. పొద్దున్నే టిఫినూ, కూతురి జడలూ, అత్తగారి మందులూ, మధ్యాహ్నం డబ్బాలూ, సాయంత్రం బట్టలూ, మళ్ళీ వంటా, అన్నీ ఆ అంతేలోనే ఉన్నాయి. వాటన్నిటి సందుల్లో థర్మోడైనమిక్స్ చదివింది. పప్పు ఉడికేలోపు ఒక లెక్క, బట్టలు ఆరేసి వచ్చేలోపు ఇంకో లెక్క. ఆ సంగతి మీద ఆయన ఒక్క జోకూ వేయలేదు. వేయడానికి ఆయనకది కనబడితేగా!

అయినా ఇవాళ మనసు భగ్గుమన్నది ఆయన అబద్ధం చెప్పినందుకు కాదు. నిజం చెప్పినందుకు. మెకానికల్‌లో మూడో ఏడు అయిపోవస్తోంది, ఇంతవరకూ ఒక్క ఇంజన్‌ని కూడా తన చేత్తో తిప్పి లేపలేదు. ఆ నిజం గొంతులో ముల్లులా దిగింది. కప్పు బోర్లించి, చేతులు తుడుచుకుంటూ, లేపుతాను, ఎలాగైనా సరే నా ఈ చేత్తోనే లేపుతాను, అనుకుంది. అనుకోగానే ఎందుకో గుండె దడదడా కొట్టుకుంది. భయం వేసి కాదు. చిన్నప్పుడు ఎవరూ చూడకుండా నాన్న సైకిలు బయటికి తీసినప్పుడు కొట్టుకున్నట్టు.

అసలు పదిహేడేళ్ళప్పుడే ఈ సీటు వచ్చింది ఆమెకి. "ఆడపిల్లకి ఆ గ్రీజు చదువేమిటే?" అని నాన్న నవ్వేశాడు. ఏదో డిగ్రీ అయింది, పెళ్ళయింది, కూతురు పుట్టింది. కూతురు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, ఈమె ఖాళీగా ఉంటోందని అందరూ అనడం మొదలుపెట్టారు. ఆ ఖాళీలోనే ఇంటెడు చాకిరీ ఇమిడిపోతోందాయె! సరే, అంత ఖాళీ ఉన్నప్పుడు ఒక చదువు కూడా పట్టకపోతుందా అని ఎంట్రన్సు రాసింది. ఏ బ్రాంచి కావాలని కౌంటర్లో అడిగితే, పదిహేడేళ్ళప్పటి పిల్ల లోపల్నుంచి ఎగిరి దూకి "మెకానికల్" అంది.

క్లాసులో అందరూ కుర్రకారు. ఈమెని అక్కా అంటారు. ఆడపిల్లలు ఈమెతో కలిపి ముగ్గురు. వాళ్ళని ఇంజన్ ముట్టుకోవద్దని ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే కొట్లాడొచ్చు. మొదటిరోజు ఇంజన్ల ల్యాబ్‌లో బ్యాచ్‌లు విడగొడుతూ ల్యాబ్ సారు, "అమ్మాయిల దస్తూరీ బాగుంటుంది. రీడింగులు మీరు రాసేయండమ్మా" అన్నాడు. అంత ముద్దుగా అంటే ఎవరు మాత్రం కాదంటారు? అలా మొదలైంది. మగపిల్లలు ఇంజన్ తిప్పి లేపుతారు, లోడు పెడతారు, ఆపుతారు. ఆడపిల్లలు ఉష్ణోగ్రత ఎంత, వేగం ఎంత, డీజిల్ ఎంత తాగింది, అని రాస్తారు. రాసి రాసి, ఈమెకి పేరే పడిపోయింది: రీడింగక్క. "రీడింగక్కా, కాలమ్ నింపేశావా?" అని బ్యాచ్ అంతా ఈమె రాసిందే చూసి రాసుకునేవాళ్ళు. ముద్దుపేరే, కాదనడానికి లేదు. ముద్దుగా పిలుస్తూనే గోడకి మేకు కొట్టి తగిలించేశారు.

ఆ ఇంజన్‌ని చూడాలి మీరు! నడుమెత్తు ఉంటుంది, ఒకే ఒక్క సిలిండరు. పక్కన ఇంత బరువైన ఇనప చక్రం, దాన్ని ఫ్లైవీల్ అంటారు. మీట నొక్కితే లేచే రకం కాదు, ఇరుసుకి పిడి తగిలించి చేత్తో తిప్పి లేపాల్సిన పాతకాలం ఘటం. దాని నెత్తిమీద చిటికెన వేలంత లివరు ఒకటి ఉంటుంది. లివరు ఎత్తి ఉంచితే సిలిండరు నోరు తెరిచినట్టే, లోపలి గాలి బయటికి పోతుంది, చక్రం తేలిగ్గా తిరుగుతుంది. చక్రం బాగా వేగం అందుకున్నాక లివరు దించాలి. అప్పుడు లోపలి గాలి ఒత్తుకుని, కాగిపోయి, డీజిల్ తుంపర పడగానే భగ్గున అంటుకుంటుంది. వేగం చాలకుండా దించారో, ఇంజన్ వెనక్కి తంతుంది. పిడి విసురుగా వెనక్కి తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. అందుకే పైన గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉంది, 'పిడి చుట్టూ బొటనవేలు వేయరాదు' అని. బొటనవేలిని కూడా మిగతా వేళ్ళ వరసలోనే పెట్టి పట్టుకుంటే, వెనక్కి తన్నినా పిడి చేతిలోంచి జారిపోతుంది. చుట్టి పట్టుకుంటే వేలు ఇరుక్కుంటుంది.

ఈ ముచ్చటంతా మూడేళ్ళుగా ఆమె అడుగు దూరంలో నిలబడి చూస్తోంది, చేతిలో పెన్నుతో. పిడి తిప్పేది ఎప్పుడూ పహిల్వానే. జిమ్ముకెళ్ళి జబ్బలు పెంచిన కుర్రాడు, వెన్నలాంటి మనసు, తలొంచుకుని ఆంబోతులా తిప్పుతాడు. తిప్పే హడావుడిలో వాడికి ఏమీ వినపడదు. ఈమెకి వినపడుతుంది. చక్రం నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టరు తలుపు కీలు మూలిగినట్టు "కిర్రు… కిర్రు…" మంటుంది. ఆ మూలుగు వస్తే ఇంజన్ లేస్తుందన్నమాట. తర్వాత డుగ్గు… డుగ్గు… డుగ్గుడుగ్గు! నేల అదురుతుంది. ఆ అదురు అరికాళ్ళలోంచి ఎక్కి వెన్నులో పాకుతుంటే, ముప్పై ఒక్కేళ్ళ ఆడమనిషి, ఒక బిడ్డ తల్లి, పెన్ను పట్టుకుని పిచ్చిదానిలా నవ్వుకునేది. ఎవరైనా చూస్తారేమోనని మళ్ళీ మీటరు వైపు తిరిగేది.

జోకు ముల్లు ఇంకా గొంతులో ఉండగానే, ఆ వారంలోనే ఒక కబురు వచ్చింది. ఇంజన్లు తయారుచేసే పెద్ద కార్ఖానా ఒకటి, తమ టెస్ట్ హౌసులో ఆరు నెలలు పనిచేయడానికి ఇద్దరు విద్యార్థుల్ని తీసుకుంటుందట. టెస్ట్ హౌసంటే పుట్టిన ప్రతి ఇంజన్‌నీ మొదటిసారి లేపి, పరుగెత్తించి చూసే చోటు. అక్కడి పెద్ద ఇంజనీరు స్వయంగా కాలేజీకి వస్తాడు. పేరిచ్చినవాళ్ళు ఒక్కొక్కరే, ఎవరి సాయమూ లేకుండా, ఇంజన్ లేపి చూపించాలి. అదే పరీక్ష.

పేరివ్వడానికి వెళ్తే ల్యాబ్ సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీకెందుకమ్మా అదంతా? నూనె, పొగ, చప్పుడు. షిఫ్టులు కూడానూ. మీ దస్తూరీకీ, మీ ఓపికకీ డ్రాయింగ్ ఆఫీసైతే చక్కగా ఉంటుంది. నీడపట్టున పని. ఇంట్లో వాళ్ళకీ ఇబ్బంది ఉండదు." ఆయన నిజంగా మంచికే చెబుతున్నాడు. ఆమె జీవితంలో అందరూ మంచికే చెప్పారు. అదే వచ్చిన చిక్కు. "పేరు రాయండి సార్" అంది. ఎంత గట్టిగా అందో ఆమెకే తెలీలేదు, పక్క గదిలో టైపు చేస్తున్న గుమాస్తా తలెత్తి చూశాడు.

పేరైతే ఇచ్చింది, పిడి పట్టిందెప్పుడు గనక? మర్నాడు భోజనాల వేళ, క్లాసులో తనకి జతగత్తె అయిన పిచ్చుకని వెంటేసుకుని ల్యాబ్‌కి పోయింది. పిచ్చుకంటే ఇంకో ఆడపిల్ల, గుప్పెడంత మనిషి, గంపెడంత నోరు. తాళం కోసం అటెండరుని పట్టుకుంటే, ఆయన క్యారియర్ విప్పుకుంటూ, "నేను చూళ్ళేదమ్మా. నేను అన్నం తింటున్నాను. చెయ్యి విరిగినా, కాలు విరిగినా నాకు తెలీదు" అని తాళంచెవి బల్లమీద పెట్టి అటు తిరిగి కూర్చున్నాడు.

పిడి తగిలించింది. చల్లటి ఇనుము. లివరు ఎత్తింది. "కానీ అక్కా!" అంది పిచ్చుక. తిప్పింది. మొదటి చుట్టు కొండని కదిపినట్టుంది. రెండోది కాస్త నయం. ఆ తర్వాత, ఆశ్చర్యం, చక్రమే ఆమెని లాక్కుపోవడం మొదలుపెట్టింది. ఇదా సంగతి! బలమంతా మొదటి చుట్టుకే, ఆ తర్వాత తిరిగేది తన బరువుతో తనే. ఆ సంబరంలో ఒళ్ళు తెలీలేదు. "లేస్తుందే, లేస్తుందే!" అని అరుస్తూ, ఇంకా రెండు చుట్లు తిప్పాల్సింది, తొందరపడి లివరు దించేసింది.

ధన్‌మని తన్నింది.

పిడి విసిరికొట్టింది. కళ్ళముందు చుక్కలు తిరిగాయి. చూసుకుంటే కుడిచేతి బొటనవేలు అప్పటికే ఉబ్బుతోంది. గోడమీద ఎర్రటి అక్షరాలు ఎదురుగానే ఉన్నాయి, మూడేళ్ళుగా చదువుతూనే ఉంది, అయినా పిడి చుట్టూ బొటనవేలు బిగించి పట్టుకుంది. "చుట్టొద్దని నేను అరుస్తూనే ఉన్నానక్కా!" అని పిచ్చుక ఏడుపు మొహం పెట్టింది. ఈమెకి మాత్రం, ఎవరైనా నమ్ముతారా, నొప్పిలో కూడా నవ్వొచ్చింది. తన్నింది! అంటే లోపల ప్రాణం ఉంది, తన చెయ్యి దాకా వచ్చింది. మూడేళ్ళలో మొదటిసారి ఇంజన్ తనతో నేరుగా మాట్లాడింది.

డాక్టరు ఎముక విరగలేదని చెప్పి కట్టు కట్టాడు. ఇంట్లో ఆ కట్టు చూసి ఆయన కంగారుపడ్డాడు, కాదనకూడదు. ఏమైందో విన్నాక నవ్వాడు. "అందుకేనోయ్ వాళ్ళు నిన్ను రీడింగులు రాయమంది! సరే, ఇవాళ్టికి వంట మానెయ్, బయటనుంచి తెస్తాను." తెచ్చాడు. తిన్నారు. తిన్న కంచాలు సింకులో వేశారు. మర్నాడు పొద్దున యథాప్రకారం, "కాఫీ అయిందా?" అని మంచం మీదనుంచి కేక. అత్తగారు కట్టు వంక చూసి, "నీ వయసుకి నేను ఇద్దరు పిల్లల్ని కని, పెంచి, ఒక్క వేలు కూడా విరగ్గొట్టుకోలేదు" అంది. అని, తన తైలం సీసా తెచ్చి గట్టు మీద పెట్టి వెళ్ళింది. ఆవిడ తీరే అంత, నోటితో గిల్లుతుంది, చేత్తో సీసా పెడుతుంది.

బొటనవేలు లేకుండా ఇంటిపని చేసి చూడండి తెలుస్తుంది. కుక్కరు మూత రాదు, బట్టలు పిండలేం, కూతురి జడ అల్లలేం, సీసా మూత తిరగదు. నాలుగు వేళ్ళతో తడుముకుంటూ చేస్తుంటే ఆమె తన చేతిని మొదటిసారి పరాయిదాన్ని చూసినట్టు చూసింది. చీపురైనా, గరిటైనా, బకెట్టైనా, ఏది పట్టుకున్నా ఇంతే, పిడికిలి బిగించి, బొటనవేలు చుట్టి, తెల్లబడేంత గట్టిగా. ఎప్పుడు అలవాటైంది ఇది? పెళ్ళయిన కొత్తలోనా? కాస్త సడలిస్తే ఇల్లు ఆగిపోతుందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, తానే నమ్మింది. ఎప్పుడైనా ఒక పూట చెయ్యి వదులైందా, ఇల్లు వెనక్కి తన్నేది. 'చొక్కా ఇస్త్రీ లేదేం?' 'పిల్లకి మార్కులు తగ్గాయి, తల్లి చదువుకుంటోందిగా మరి!' 'మందు వేళకి ఇచ్చేవాళ్ళు లేరు నాకు!' అలా తన్నిన ప్రతిసారీ తగిలేది తనకే, ఎందుకంటే చుట్టి పట్టుకున్నది తనొక్కతే కాబట్టి. మిగతావాళ్ళ చేతులు అసలు పిడి మీద ఉంటేగా! సింకు ముందు నిలబడి ఇదంతా తట్టేసరికి ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు జలదరించింది. ఓసి నా మొహమా, గోడమీద మూడేళ్ళుగా రాసి ఉన్నది ఇదా, అనుకుంది.

కట్టు విప్పాక పిడి మళ్ళీ పట్టుకుందామంటే కుదరలేదు. సంగతెలా పొక్కిందో, ల్యాబ్ సారు తాళం తన జేబులో వేసుకున్నాడు. దాంతో ఇంజన్‌ని తన చేత్తో ఒక్కసారైనా లేపకుండానే పరీక్ష రోజు వచ్చేసింది.

టెస్ట్ హౌస్ పెద్దాయన పొట్టిగా, బట్టతలతో, చొక్కా జేబులో నూనె మరకతో ఉన్నాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ల్యాబ్ సారుకి ఆయన్ని చూసి చేతులూ కాళ్ళూ ఆడలేదు. మర్యాద కోసం ముందే తాను ఇంజన్ లేపి, "చూశారా సార్, మా పాత ఇంజన్ ఎలా పలుకుతోందో!" అని మురిపెంగా చూపించి, ఆపేటప్పుడు ఆ కంగారులో ఆపే మీట లాగడం మరిచిపోయి, డీజిల్ ట్యాంకు దగ్గరున్న కుళాయి కట్టేశాడు. ఇంజన్ గొంతెండినట్టు గుటకలేసి, గుటకలేసి చచ్చిపోయింది. తర్వాత కుళాయి తిప్పి, "ఊఁ, మొదలెట్టండి" అన్నాడు. అందరూ పెద్దాయన వైపు చూస్తున్నారు. ఆ గుటకలు విన్నది ఈమె ఒక్కతే.

పేరిచ్చినవాళ్ళలో మొదట పిలుపు పహిల్వాన్‌కి. వాడు దండం పెట్టుకుని, చొక్కా చేతులు మడిచి తిప్పాడు. చక్రం బొంగరంలా తిరిగింది. లివరు దించాడు. ఫుస్సుమని ఆగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఫుస్సు. చెమటలు కారిపోతున్నాయి, మొహం కందగడ్డ అయింది. వాడి తర్వాత ఇంకొకడు తిప్పాడు, ఆ తర్వాత ఇంకొకడు. ఇంజన్ మాత్రం ఉలకదు, పలకదు. "ఇవాళ మొండికేసింది సార్, పాత ఇంజన్ కదా, బలం చాలడం లేదు పిల్లలకి" అన్నాడు ల్యాబ్ సారు. పెద్దాయన "తర్వాత?" అన్నాడు.

"అంటే సార్… తర్వాత ఈ అమ్మాయి. మగపిల్లలకే లేవలేదు కదా, వద్దులెండి, పెళ్ళైన మనిషి, మొన్ననే వేలికి దెబ్బ…"

"పేరిచ్చిందా లేదా?" అన్నాడు పెద్దాయన.

ఆమె ముందుకి వచ్చింది. గుండె ఎంతలా కొట్టుకుంటోందంటే ఇంజనే ఇప్పటికే లేచిందేమో అనిపించింది. ఇన్నాళ్ళూ నిలబడ్డ మీటర్ల వైపు నుంచి పిడి వైపుకి ఒక్క అడుగు. ఆ ఒక్క అడుగుకి మూడేళ్ళు పట్టింది కదా అనుకుంది. చేతిలోని పెన్ను, అట్ట ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూస్తే, గోడకి ఆనుకుని రొప్పుతున్న పహిల్వాన్ కనిపించాడు. వాటిని వాడి చేతిలో పెట్టింది.

"ఇవాళ రీడింగులు నువ్వు రాయి తమ్ముడూ."

పిచ్చుక కిసుక్కున నవ్వింది. వాడు బుద్ధిగా పెన్ను క్యాపు తీశాడు.

పిడి తగిలించి, లివరు ఎత్తి, నెమ్మదిగా తిప్పింది. తిప్పుతూ తల వంచి వింది. చక్రం చప్పుడు ఉంది, గాలి చప్పుడు ఉంది. కిర్రుమనే మూలుగు లేదు. తిప్పడం ఆపేసింది. వెనక ఎవరో, "అక్క అప్పుడే అలిసిపోయింది" అన్నారు. ఆమె పిడి తీసి పక్కన పెట్టింది. "ఏమ్మా, వదిలేస్తున్నావా?" అన్నాడు ల్యాబ్ సారు, కాస్త ఊరటగానే.

"లేదు సార్. దీనికి డీజిల్ అందడం లేదు. ఇందాక మీరు కుళాయి కట్టి ఆపారు కదా, గొట్టంలో గాలి చేరింది. ఎంత బలంగా తిప్పితే మాత్రం ఏం లాభం, దాని గొంతులోకి చుక్క దిగితేగా!"

సారు మొహం చూడాలి! పెద్దాయన మాత్రం మొట్టమొదటిసారి చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. ఆమె స్పానరు తీసుకుని ఫిల్టరు మీదున్న చిన్న స్క్రూ వదులు చేసింది. బుడగలు బుడగలుగా నురుగు వచ్చింది. కాసేపటికి బుడగలు తగ్గి, డీజిల్ తేటగా కారింది. స్క్రూ బిగించింది. వేళ్ళు జిడ్డుజిడ్డుగా ఉన్నాయి, ఎంత బాగుందో ఆ జిడ్డు! మళ్ళీ పిడి తగిలించి, మెల్లగా తిప్పింది. ఒక చుట్టు. రెండు. ఇంకా మెల్లగా. అప్పుడు వినిపించింది, తలుపు కీలు మూలిగినట్టు, కిర్రు… కిర్రు…

వచ్చావా తల్లీ, అనుకుంది.

బొటనవేలు తీసి మిగతా వేళ్ళ పక్కన పెట్టింది. ఇక తిప్పింది చూడండీ! మొదటి చుట్టు తన బలం, తర్వాతిది తనదీ చక్రానిదీ, ఆ తర్వాతదంతా చక్రానిదే. ముడి ఊడి జుట్టు మొహం మీద పడుతోంది. తొందరపడకు, తొందరపడకు, ఇంకొక్కటి, ఇంకొక్కటి. ఎడమచేత్తో లివరు దించింది.

డుగ్గు.

ఒక్క క్షణం అంతా ఆగినట్టయింది.

డుగ్గు… డుగ్గు… డుగ్గుడుగ్గుడుగ్గుడుగ్గు!

పిడి దానంతటదే ఇరుసుని వదిలేసి ఆమె చేతిలోకి వచ్చేసింది. నేల అదిరింది, కిటికీ అద్దాలు అదిరాయి, ఆమె పళ్ళు అదిరాయి. పిడి పైకెత్తి "లేచిందే!" అని కేకేసింది. తర్వాత సిగ్గనిపించలేదు కూడా. పిచ్చుక గెంతులేస్తోంది, పహిల్వాన్ ఈల వేశాడు, ఆ తర్వాత గుర్తొచ్చి గబగబా మీటర్లు చూసి రాయడం మొదలుపెట్టాడు. ఇంజన్ చప్పుడులో పెద్దాయన దగ్గరికి వచ్చి చెవి దగ్గర అరిచాడు. "సోమవారం రాగలవా? అక్కడే హాస్టలు. ఆరు నెలలు. ఆదివారాలు ఇంటికి వెళ్ళి రావొచ్చు."

'ఇంట్లో అడిగి చెప్తాను సార్' అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"వస్తాను" అని అరిచింది.

రెండో చోటు పహిల్వాన్‌కే వచ్చింది, గొట్టంలో గాలి పోయాక వాడూ లేపాడు మరి. బయటికి వస్తుంటే వాడు అట్ట తిరిగి ఇస్తూ, "అక్కా, అక్కడ కూడా రీడింగులు నాతోనే రాయిస్తావా?" అన్నాడు. "వంతులేసుకుందాంలే" అంది. ఇంటిదాకా ఆమె నడిచిందో, ఎగిరిందో ఆమెకే తెలీదు.

ఇంట్లోకి రాగానే చెప్పలేదు. లోపల పొంగుతున్నదాన్ని కాస్త దాచుకోవాలనిపించింది. పొయ్యి మీద కూర పెట్టి కలుపుతుంటే, ఆయన ఆఫీసు నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏమిటి, మొహం వెలిగిపోతోంది? మీటరు బాగా తిరిగిందా?"

"మీటరు వేరేవాళ్ళు చూశారండీ. ఇంజన్ నేను లేపాను."

ఆయన నోట జోకు వెంటనే రాలేదు. కూతురు పుస్తకం పడేసి పరుగెత్తుకొచ్చింది. "నిజంగానా అమ్మా? ఎలా చప్పుడు చేసింది?" తల్లి చేసి చూపించింది, గరిటె చేతిలో పట్టుకుని, కూర మాడితే మాడిందని, డుగ్గు… డుగ్గు… డుగ్గుడుగ్గుడుగ్గు! కూతురూ అందుకుంది. ఇద్దరూ వంటింట్లో ఇంజన్లయిపోయారు. "ఇదేం గోలే, ఇల్లు ఎగిరిపోతుందా ఏమిటి?" అని అత్తగారు కుంటుకుంటూ వచ్చింది. వచ్చిన మనిషి వెళ్ళిపోలేదు, గుమ్మం పట్టుకుని నిలబడింది.

అప్పుడు చెప్పింది. సోమవారం. ఆరు నెలలు. హాస్టలు. ఆదివారాలు వస్తాను. ఒప్పుకుని వచ్చాను.

ఆయన మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "ఒప్పుకుని వచ్చావా? మాట మాత్రమైనా… సరే, మంచిదే, నేను కాదనను. కానీ నాకు ఆఫీసుంది. అమ్మకి మోకాళ్ళు. పిల్ల చదువు. ఆరు నెలలంటే మాటలా? ఈ ఇల్లు ఎలా నడుస్తుందనుకుంటున్నావు?"

ఎన్నో చెప్పొచ్చు. పదేళ్ళుగా ఎలా నడుస్తోందో చెప్పొచ్చు. ఎవరు ఎప్పుడేమన్నారో అక్షరం పొల్లుపోకుండా చెప్పొచ్చు. ఇవాళ అంత తీరిక లేదు, అంత కోపం కూడా లేదు, ఒంట్లో ఇంకా ఇంజన్ కొట్టుకుంటూనే ఉంది. ఆమె కూరలోంచి గరిటె తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన అయోమయంగా అందుకున్నాడు, యుద్ధానికి కత్తి పట్టుకున్నట్టు, పిడికిలి బిగించి. అత్తగారు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచుకోవడానికే, కళ్ళు చెబుతున్నాయి.

ఆమె దగ్గరికి వెళ్ళి, బిగుసుకున్న ఆయన వేళ్ళలోంచి బొటనవేలిని మెల్లగా విడదీసి, మిగతా వేళ్ళ పక్కన పెట్టింది.

"మొదటి చుట్టే బరువండీ, తర్వాత అదే తిరుగుతుంది. బొటనవేలు మాత్రం చుట్టకండి. ఈ ఇల్లు వెనక్కి తంతుంది."